మైదా అవసరమే లేని కేకు

గుప్పెడు మైదాలో నీళ్లు పోసి గట్టి ముద్దగా కలిపి, ఓ పావుగంట నాననిచ్చి, కుళాయి సన్నధార కింద పిసుకుతూ కడిగితే తెల్లటి నీళ్లు కారతాయి. ఆ తెలుపంతా పిండిపదార్థం. నీళ్లు తేటపడేదాకా ఓపిగ్గా కడిగాక చేతిలో చిన్న ముద్ద మిగులుతుంది. బూడిద రంగులో, జిగురుగా ఉంటుంది. లాగితే సాగుతుంది, వదిలితే వెనక్కి ముడుచుకుంటుంది. అదే గ్లూటెన్. ఇటలీలోని బొలోన్యా నగరంలో యాకొపో బార్తొలొమెయో బెక్కారి అనే పండితుడు గోధుమపిండిని ఇలాగే కడిగాడు. అందులోంచి విడదీసిన ఈ జిగురు గురించి 1728లో తోటి శాస్త్రవేత్తలకు వివరించాడు. మూడు వందల ఏళ్లు కావస్తున్నా ఆ ప్రయోగాన్ని ఏ వంటింట్లోనైనా చేసి చూడొచ్చు. గ్లూటెన్ లేని వంట మొదలుపెట్టే ఇంట్లో ఒకసారి చేస్తే, తీసేస్తున్నది ఏమిటో, దాని పని ఏమిటో కళ్ల ముందే తెలిసిపోతుంది.

బ్రెడ్డుకు ఆ సాగే గుణం కావాలి. పరోటాకు, రుమాలీ రొట్టెకు అదే ప్రాణం. మరి కేకుకో? కేకు చేయడం నేర్పే ఎవరైనా మైదా వేశాక చెప్పే మొదటి మాట, ఎక్కువ కలపొద్దని. కలిపేకొద్దీ గ్లూటెన్ బిగుసుకుని కేకు రబ్బరులా తయారవుతుంది. అంటే మామూలు కేకు చేసేవాళ్లు కూడా గ్లూటెన్‌ను వీలైనంత అణిచిపెట్టే చూస్తారు. కేకును నిలబెట్టే అసలు బలం గుడ్డులోని మాంసకృత్తులది, వేడికి ఉడికి చిక్కబడే పిండిపదార్థానిది. చాక్లెట్ కేకులో వీటికి కోకో కూడా తోడవుతుంది. కోకో పొడిలో పిండిపదార్థం, పీచు రెండూ ఉన్నాయి. తడిని బాగా పీల్చి పట్టి ఉంచుతుంది. అందుకే గోధుమ లేకుండా చేయదగ్గ బేకరీ వంటకాల్లో చాక్లెట్ కేకుదే మొదటి స్థానం. గోధుమ లేని బ్రెడ్డుతో కుస్తీ పడి విసిగిపోయినవాళ్లు కూడా ఇక్కడ మొదటి రోజే గెలవగలరు.

గోధుమ మానడం కొందరికి ఇష్టం, మరికొందరికి తప్పనిసరి. సీలియాక్ జబ్బు ఉన్నవారిలో గ్లూటెన్ కడుపులోకి వెళ్లగానే శరీరపు రక్షణ వ్యవస్థ తన చిన్న పేగు గోడ మీదే దాడి చేస్తుంది. పోషకాలను పీల్చుకునే సన్నని నూగు అరిగిపోతుంది. పిల్లలైతే ఎదగరు. పెద్దవాళ్లలో కొందరికి విరేచనాలు, కడుపు ఉబ్బరం ఉంటాయి. కొందరిలో ఐరన్ మాత్రలు ఎన్ని మింగినా తగ్గని రక్తహీనత ఒక్కటే పైకి కనిపిస్తుంది. ఈ జబ్బుకు కారణం గోధుమేనని తేల్చిన వైద్యుడు నెదర్లాండ్స్‌కు చెందిన విల్లెమ్ కారెల్ డికె. 1930లలోనే ఆయనకు అనుమానం ఉంది. రెండో ప్రపంచ యుద్ధం చివర 1944-45 చలికాలంలో అక్కడ తిండికి కటకటలాడారు. బ్రెడ్డు దొరక్క జనం చిక్కిపోతుంటే, ఈ జబ్బున్న పిల్లలు మాత్రం తేరుకున్నారు. బ్రెడ్డు తిరిగి రాగానే జబ్బూ తిరిగొచ్చింది. 1950లో ఆయన ఇచ్చిన సిద్ధాంత వ్యాసంతో గోధుమ మాన్పించే చికిత్సకు గట్టి పునాది పడింది. ఇప్పటికీ దీనికి ఉన్న మందు ఒక్కటే: గోధుమ, బార్లీ, రై జీవితాంతం మానేయడం.

భారతదేశంలో ఉత్తర, ఈశాన్య, దక్షిణ ప్రాంతాలను పోల్చిన ఒక పెద్ద అధ్యయనం 2016లో వెలువడింది. ఉత్తరాదిలో సుమారు నూటికి ఒకరికి ఈ జబ్బు కనిపిస్తే, దక్షిణాదిలో సుమారు పదివేలకు ఒకరికి కనిపించింది. జన్యువుల్లో పెద్ద తేడా లేదు, పళ్లెంలో గోధుమ వాటాలోనే తేడా. అన్నం తినే తెలుగు నేల మీద ఈ జబ్బు అరుదే. అరుదు కాబట్టే గుర్తించడం ఆలస్యం కావచ్చు. ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరిగా చెప్పాలి. అనుమానం రాగానే గోధుమ మానేసి, ఆ తర్వాత పరీక్షకు వెళ్లకూడదు. రక్తపరీక్షలో వెతికేది గ్లూటెన్ వల్ల శరీరం చేస్తున్న దాడి ఆనవాళ్లనే. గోధుమ మానేస్తే అవి తగ్గిపోయి, జబ్బు ఉన్నా లేనట్టు ఫలితం రావచ్చు. ముందు పరీక్ష, తర్వాతే పథ్యం. జబ్బేమీ లేనివారు బరువు తగ్గుదామని గ్లూటెన్ మానడం వల్ల ప్రత్యేకంగా ఒరిగేదేమీ లేదు. గ్లూటెన్ లేని కేకులోనూ చక్కెర చక్కెరే, వెన్న వెన్నే.

జబ్బు తేలిన ఇంట్లో పెద్దల కన్నా పిల్లలకే కష్టం ఎక్కువ. బడిలో పుట్టినరోజు కేకు ముక్కలు పంచుతుంటే చేతులు కట్టుకుని కూర్చోవాలి. బంధువుల ఇంట్లో "ఒక్క ముక్కే కదా, ఏం కాదులే నాన్నా" అనే పెద్దమ్మకు సమాధానం చెప్పాలి. అందరికీ క్రీము కేకు కోసి, ఆ బిడ్డకు మాత్రం అరటిపండో చాక్లెట్ బిళ్లో పెట్టడం చాలా ఇళ్లలో జరిగేదే. ప్రేమతోనే పెడతారు, అయినా పంక్తిలో వేరుగా కూర్చోబెట్టినట్టే ఉంటుంది. దీనికి మేలైన దారి రెండు కేకులు చేయడం కాదు, అందరూ తినే కేకు ఒక్కటే చేయడం. అది మైదా కేకుకు నకలుగా ఉండకూడదు. మైదా తీసేసి, దాని బదులు ఏదో ఒక పిండి అంతే కొలతలో వేస్తే గరుకుగా, పొడిపొడిగా రాలిపోయే కేకు వస్తుంది. తిన్న ప్రతి ఒక్కరికీ లోటు గుర్తొస్తుంది. పుట్టుకతోనే మైదా లేని కేకులు కొన్ని ఉన్నాయి. ఎంచుకోవాల్సింది వాటిని.

ఇటలీలో కాప్రి ద్వీపం పేరుతో ఉన్న తోర్తా కాప్రేసే అలాంటిది. పిండి వేయడం మరిచిపోయిన వంటవాడి పొరపాటు నుంచి అది పుట్టిందని అక్కడ కథ చెబుతారు. కథ సంగతి ఎలా ఉన్నా కేకు మాత్రం అద్భుతం. డార్క్ చాక్లెట్ 200 గ్రాములు, వెన్న 200, చక్కెర 200, బాదం పొడి 250, గుడ్లు 5. బాదంపప్పును పొట్టుతోనే మిక్సీలో వేసి, పైన రెండు చెంచాల చక్కెర చల్లి, ఆపి ఆపి తిప్పాలి. ఏకధాటిగా తిప్పితే నూనె ఊరి ముద్దయిపోతుంది. చాక్లెట్, వెన్న కలిపి వేడినీళ్ల గిన్నె మీద కరిగించాలి. అందులో చుక్క నీరు పడినా చాక్లెట్ గట్టి ముద్దగా బిగుసుకుపోతుంది, కాబట్టి గిన్నె, గరిటె పొడిగా ఉండాలి. పచ్చసొనలో చక్కెర వేసి రంగు తేలేదాకా గిలక్కొట్టి, గోరువెచ్చని చాక్లెట్, బాదం పొడి కలపాలి. తెల్లసొనను విడిగా నురుగు నిలబడేదాకా కొట్టి, మూడు విడతలుగా, అడుగు నుంచి పైకి తిప్పుతూ నెమ్మదిగా చేర్చాలి. 9 అంగుళాల టిన్నులో, 170 డిగ్రీల దగ్గర 45 నిమిషాలు. పైన పల్చటి పెంకు పగులుతుంది, లోపల తడిగా ఉంటుంది. చల్లారాక మధ్యలో కాస్త కుంగడం దాని స్వభావం.

బాదం ఖరీదు చూసి వెనకాడేవారు జీడిపప్పు ముక్కలు వాడుకోవచ్చు. శ్రీకాకుళం జిల్లా పలాసలో జీడిపప్పు బద్దలకు, ముక్కలకు వేరువేరు ధరలు ఉంటాయి. కేకుకు ముక్కలు చాలు. జీడిపప్పులో తీపి, మెత్తదనం ఎక్కువ కాబట్టి చక్కెర పాతిక గ్రాములు తగ్గించినా బాగుంటుంది. దోరగా వేయించి పొట్టు తీసిన వేరుశనగపప్పు మరింత చవక. అయితే వేరుశనగ వాసన చాక్లెట్‌ను కొంత వెనక్కి నెడుతుంది, ఆ రుచి నచ్చినవారికే అది. పప్పులు పడనివాళ్లు కూడా కొందరుంటారు. పదిమందికి పెట్టే రోజున ముందే అడిగి తెలుసుకోవాలి.

పప్పు కూడా లేని కేకు ఒకటుంది. లండన్‌లో 1987లో మొదలైన రివర్ కెఫే అనే రెస్టరెంటు చాక్లెట్ నెమెసిస్ అనే కేకుతో పేరు తెచ్చుకుంది. చాక్లెట్, వెన్న, చక్కెర, గుడ్లు, అంతే. వాళ్ల వంటల పుస్తకం చూసి ఇంట్లో ప్రయత్నించి భంగపడ్డవారు చాలామంది. కిటుకు వేడిలో ఉంది. గుడ్డు మరీ వేడెక్కితే బిగుసుకుని నీరు వదిలేస్తుంది. అందుకే ఈ కేకు టిన్నును నీళ్లున్న పళ్లెంలో పెట్టి మెల్లగా ఉడికిస్తారు. తెలుగిళ్లలో అందుకు తగిన పాత్ర ఉండనే ఉంది. ఇడ్లీ పాత్రలో ఆవిరి వేడి 100 డిగ్రీలు దాటదు. 200 గ్రాముల డార్క్ చాక్లెట్, 120 గ్రాముల వెన్న కరిగించాలి. 4 గుడ్లను 100 గ్రాముల చక్కెరతో బాగా నురగొచ్చేలా కొట్టి అందులో కలపాలి. 6 అంగుళాల గిన్నెకు వెన్న రాసి, అందులో పోసి, పైన నీటిబొట్లు పడకుండా ఫాయిల్ బిగించి, సన్నని సెగ మీద 35 నుంచి 40 నిమిషాలు ఆవిరి పట్టాలి. గిన్నె కదిపితే అంచు నిలిచి, నడుమ కొద్దిగా వణుకుతుంటే అయినట్టే. చల్లారాక రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి మర్నాడు కోయాలి. ఓవెన్ లేని ఇంట్లో ఇంతకన్నా గొప్ప చాక్లెట్ వంటకం దొరకడం కష్టం.

రోజువారీ ఖర్చులో అయ్యే కేకుకు, పిల్లలు టిఫిను డబ్బాలో పట్టుకెళ్లే కేకుకు, రాగిపిండి సరైన జోడు. దాని ముదురు రంగు చాక్లెట్‌లో కలిసిపోతుంది, కాస్త మట్టివాసన లాంటి దాని రుచి కోకో చేదుకు అతుకుతుంది. రాగులు, జొన్నలు, కొర్రలు, సామల్లో సహజంగానే గ్లూటెన్ లేదు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో చిరుధాన్యాల కోసమే జాతీయ పరిశోధన సంస్థ పనిచేస్తోంది. 2023 చిరుధాన్యాల అంతర్జాతీయ సంవత్సరంగా గడిచాక బజారులో వీటి పిండ్లకు కొదవ లేదు. ఒక్క రాగిపిండే వేస్తే కేకు బరువుగా, నోట్లో పొడిగా తగులుతుంది. 100 గ్రాముల రాగిపిండికి 60 గ్రాముల బియ్యప్పిండి జతచేస్తే తేలికపడుతుంది.

ఆ బియ్యప్పిండి ఎలాంటిదన్నది ముఖ్యం. బజారులో దొరికే పొడి బియ్యప్పిండి గరుకుగా ఉంటుంది, కేకులో ఇసుకలా పంటికి తగులుతుంది. అరిసెలకు చేసే పద్ధతి ఇక్కడ పనికొస్తుంది. బియ్యం నాలుగైదు గంటలు నానబెట్టి, వడగట్టి, బట్ట మీద అరగంట ఆరబెట్టి, చెమ్మ ఉండగానే మిక్సీలో పట్టి సన్నజల్లెడలో జల్లించాలి. నానిన గింజ సులువుగా నలుగుతుంది, పిండి మెత్తగా వస్తుంది, గింజలోని పిండిపదార్థం తక్కువ దెబ్బతింటుంది. ఆ పిండిని నీడలో పూర్తిగా ఆరనిచ్చి కొలవాలి. తడిపిండినే వాడితే పాలు రెండు మూడు చెంచాలు తగ్గించుకోవాలి.

ఇక కలిపే వరుస. రెండు పిండ్లు, 40 గ్రాముల కోకో పొడి ఒక గిన్నెలో వేసి, 200 మిల్లీలీటర్ల వేడివేడి పాలు పోసి ఉండల్లేకుండా కలిపి మూతపెట్టి అరగంట వదిలేయాలి. ఈ అరగంటే కేకు భవిష్యత్తును తేలుస్తుంది. రాగి, బియ్యం నీటిని నెమ్మదిగా పీలుస్తాయి. నానకుండా ఓవెన్‌లోకి వెళితే గరుకుదనం అలాగే మిగిలిపోతుంది. వేడిపాలకు కోకో వాసన కూడా విచ్చుకుంటుంది. ఈలోపు 3 గుడ్లు, 180 గ్రాముల చక్కెర పాలిపోయి చిక్కబడేదాకా కొట్టి, 100 మిల్లీలీటర్ల వాసన లేని నూనె సన్నధారగా పోయాలి. చల్లారిన పిండి ముద్దను అందులో కలిపి, చిటికెడు ఉప్పు, చెంచాడు కాఫీ డికాక్షన్ వేయాలి. చెంచా బేకింగ్ పౌడరు, పావు చెంచా వంట సోడా అన్నిటికన్నా చివర కలిపి వెంటనే టిన్నులో పోయాలి. గ్లూటెన్ లేదు కనుక ఎక్కువ కలిపామన్న భయం అక్కర్లేదు. 8 అంగుళాల టిన్నులో, 170 డిగ్రీల దగ్గర 35 నుంచి 40 నిమిషాలు. కుక్కరులో అయితే అడుగున ఉప్పు పరిచి, నీళ్లు పోయకుండా, గాస్కెట్, విజిల్ తీసేసి, పది నిమిషాలు వేడెక్కాక స్టాండు మీద టిన్ను దించి సన్నని మంట మీద ముప్పావుగంట ఉంచాలి.

కోకో రెండు రకాలు. సహజమైనదానికి కాస్త పులుపు గుణం ఉంటుంది, అది సోడాతో కలిసి కేకును పొంగిస్తుంది. క్షారంతో శుద్ధి చేసినదాన్ని డచ్ కోకో అంటారు. దాని రంగు ముదురు, రుచి మెత్తన, కానీ ఆ పులుపు పోతుంది. డచ్ కోకో వాడితే సోడా మానేసి బేకింగ్ పౌడరు కొంచెం పెంచాలి. చాక్లెట్ కొనేటప్పుడు కాంపౌండ్ అని రాసి ఉన్న అచ్చులు చవకగా దొరుకుతాయి. వాటిలో కోకో వెన్నకు బదులు వేరే వనస్పతి కొవ్వు ఉంటుంది. పిండి లేని కేకులో రుచంతా చాక్లెట్ మీదే ఆధారపడుతుంది కాబట్టి అక్కడ అది పనికిరాదు. దేశంలో కోకో పండించే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ముందు వరుసలో ఉంది. గోదావరి జిల్లాల్లో కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల నీడలో కోకో అంతరపంటగా పెరుగుతోంది. పశ్చిమ గోదావరి గింజలతో హైదరాబాద్‌లోనే మంచి చాక్లెట్ తయారవుతోంది. కొనగలిగినవారికి దూరదేశపు అచ్చు వెతుక్కునే పని లేదు.

సరుకులన్నీ సరైనవే అయినా కేకు చెడిపోయే చోటు ఒకటుంది. అది పిండి మర. తెలంగాణలో గిర్ని అనే ఆ మరలో ముందు ఒకరి గోధుమలు, వెనక ఒకరి రాగులు, ఆ వెనక శనగపప్పు పడతాయి. రాళ్ల మధ్య, బట్ట గొట్టంలో, డబ్బా అంచున మునుపటి పిండి పేరుకుని ఉంటుంది. గ్లూటెన్ లేదని రాయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి ఉండకూడదని అంతర్జాతీయ ప్రమాణం చెబుతుంది. మన దేశంలో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఎఐ పెట్టిన హద్దూ అంతే. ఆ లెక్కన మరలో అంటుకొచ్చే పిండి చాలా ఎక్కువ. పొద్దున్నే మొదట ఆడించుకున్నా నిన్నటి గోధుమ పోదు. సీలియాక్ ఉన్న ఇంటికి రెండే దారులు. గింజలు ఏరి, కడిగి, ఆరబెట్టి ఇంట్లోనే మిక్సీలో పట్టుకోవడం, లేదా గ్లూటెన్ లేదని స్పష్టంగా రాసిన ప్యాకెట్ కొనడం.

ఇంట్లోనూ అదే జాగ్రత్త కావాలి. మైదా జల్లించిన జల్లెడను ఎంత కడిగినా వల కన్నాల్లో పిండి మిగులుతుంది. దాన్ని పక్కన పెట్టి కొత్తది కొనాలి. చపాతీ పీట, అప్పడాల కర్ర, చెక్క గరిటె కూడా వేరుగా ఉండాలి. స్టీలు గిన్నెలు శుభ్రంగా తోమితే చాలు. సరుకుల్లో దాక్కున్నవి మరికొన్ని. బొంబాయి రవ్వ, మామూలు సేమియా గోధుమవే. హార్లిక్స్, బోర్న్‌వీటా లాంటి పొడుల్లో మాల్ట్ ఉంటుంది, అది బార్లీ నుంచి వచ్చేది. కోకో అయిపోయిందని వాటిని కేకులో వేయకూడదు. బేకింగ్ పౌడరులో సాధారణంగా మొక్కజొన్న పిండి ఉంటుంది, అయినా లేబుల్ చదవాలి. కేకుకు సంబంధం లేకపోయినా ఇంగువ మాట చెప్పాలి. డబ్బాల్లో దొరికే ఇంగువలో చాలా రకాలకు గోధుమపిండి కలుపుతారు. పప్పులోకి, పులిహోరలోకి రోజూ పడే చిటికెడు అది. కేకు విషయంలో ఇంత కష్టపడిన ఇంట్లో పోపులోంచి గోధుమ లోపలికి రాకూడదు.

గుడ్డు తినని ఇళ్లలో ఈ పని నిజంగా కష్టం. గ్లూటెన్, గుడ్డు రెండూ తీసేస్తే కేకును పట్టి ఉంచే బలం చాలా తగ్గిపోతుంది. ఇక్కడ ఆశ కొంచెం తగ్గించుకుని, ఆకారం మార్చుకోవడమే తెలివైన పని. ఎత్తైన కేకు మాని, చిన్నచిన్న కప్పుల్లో పోయాలి. పైన చెప్పిన రాగి కొలతలో గుడ్లకు బదులు, రెండు చెంచాల అవిసె గింజల పొడిని ఆరు చెంచాల నీళ్లలో జిగురొచ్చేదాకా నానబెట్టి, అరకప్పు చిలికిన పెరుగుతో కలిపి వేయాలి. చెంచాడు ఇసబ్‌గోల్ పొట్టు చేర్చితే ముక్క రాలిపోదు. చక్కెరతో కొట్టే పని ఉండదు, నేరుగా కలపడమే. కప్పుల్లో 20 నుంచి 25 నిమిషాల్లో అయిపోతాయి. మెత్తగా, బ్రౌనీకి దగ్గరగా వస్తాయి.

ఈ కేకులన్నీ వేడిమీద కోస్తే విరుగుతాయి. చల్లారాక, అది కూడా కొన్ని గంటలు ఆగి కోయాలి. కాప్రేసే మర్నాటికి ఇంకా రుచిగా ఉంటుంది. రాగి కేకును ముక్కలు కోసి, ఒక్కో ముక్కను విడిగా చుట్టి, పేరు రాసిన డబ్బాలో డీప్ ఫ్రీజర్‌లో పెట్టుకుంటే నెల దాకా ఉంటుంది. బడిలో రేపు ఫలానావాడి పుట్టినరోజని రాత్రి పదింటికి పిల్లలు చెప్పినా ఫర్వాలేదు. పొద్దున చుట్టిన కాగితంతోనే ఒక ముక్క తీసి టిఫిను డబ్బాలో పెడితే, కేకు పంచే వేళకు మెత్తబడి తినడానికి సిద్ధంగా ఉంటుంది. టీచరుకు మాత్రం రెండు మాటలు ముందే చెప్పి ఉంచాలి: బిడ్డ ముక్కను వేరే కేకు కోసిన కత్తితో కోయొద్దు, ఆ పళ్లెంలో పెట్టొద్దు.